బడి పెట్టి, లెక్క అడిగిన భాగ్యరెడ్డి వర్మ





బాబాసాహెబ్ నాగపూరులో బౌద్ధ దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. ఆ తేదీ మన పిల్లలకు కూడా తెలుసు. అంతకు నలభై మూడేండ్ల ముందే, 1913లో, నిజాం ఏలుబడిలోని హైదరాబాదు పట్నంలో బుద్ధ జయంతి జరిపించిన ఒక మాల బిడ్డ ఉన్నడని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన పేరు వినగానే కొందరికి అనుమానం వస్తది. రెడ్డి ఏంది, వర్మ ఏంది, మనోడెట్ల అయితడు అని. ఆ పేర్ల వెనుక పెద్ద కథే ఉంది. ముందు ఆ మనిషి జీవితం చూద్దాం. చివర్లో మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ముచ్చటకు వద్దాం. ఎందుకంటే ఆయన ఎత్తుకున్న పని మన జిల్లాల్లో ఇంకా సగం దారిలోనే ఉంది.

పుట్టుక, పేరు

1888 మే 22న హైదరాబాదులో మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు ఆయన పుట్టారు. పెట్టిన పేరు భాగయ్య. ఇల్లు పేదది. పెద్ద చదువులు చదివే అవకాశం దొరకలేదు. చిన్న వయసులోనే ఒక బారిస్టరు గారింట్ల పనికి కుదిరారు. ఆ ఇంట్లో కాగితాలు, పుస్తకాలు, వచ్చిపోయే పెద్దల మాటలు ఆయనకు బడి అయినయి. పని చేసుకుంటనే లోకం తెలుసుకున్నారు.

వాళ్ల కుటుంబ గురువు ఆయన పేరుకు రెడ్డి అని చేర్చిండు. ఈ నేలను ఆర్యులు రాకముందు ఏలినవాళ్లు మనవాళ్లేనని, ఏలిక అనే అర్థంలో ఆ మాట మనకు చెల్లుతుందని ఆ గురువు నమ్మకం. వర్మ అనేది 1913లో ఆర్యసమాజం వాళ్లు ఆయన సేవను మెచ్చి ఇచ్చిన బిరుదు. ఆ రోజుల్లో అంటరానివాళ్ల పక్షాన నాలుగు మాటలు మాట్లాడే వేదికలు ఏవున్నా ఆయన వెళ్లారు. బ్రహ్మసమాజం వాళ్లతో, ఆర్యసమాజం వాళ్లతో, జీవహింస వద్దని ప్రచారం చేసే జీవరక్షా మండలి వాళ్లతో కలిసి పనిచేశారు. మనసు మాత్రం బుద్ధుని మీద నిలిచింది. ఆయన తన కొడుకుకు గౌతమ్ అని పేరు పెట్టుకున్నారు. మనిషికి పుట్టుకతో ఇతరులిచ్చిన పేరు ఒకటుంటది. తన పిల్లకు తానిచ్చే పేరు ఇంకొకటుంటది. ఆయన మనసెక్కడుందో ఆ రెండో పేరు చెప్తది.

1906: జగన్మిత్ర మండలి

పద్దెనిమిదేండ్ల వయసులో, 1906లో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. చదువు రాని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకే హరికథలు, భజనలు పెట్టారు. కథ వినడానికి వచ్చిన జనం కూసున్నంక, నడుమల పిల్లల చదువు ముచ్చట, శుభ్రత ముచ్చట, కల్లు ముచ్చట తీసేవారు. జనం ఉన్నకాడికే పోయి, జనానికి తెలిసిన పాటలోనే చెప్పడం ఆయన పద్ధతి. తథాగతుడు కూడా పండితుల భాష పక్కన పెట్టి జనం మాట్లాడే మాటల్లోనే ధమ్మం చెప్పిండు కదా.

1911లో ఈ మండలి మాన్య సంఘంగా మారింది. పంచముడు, అంటరానోడు అని లోకం పిలుస్తున్న మనిషిని మాన్యుడు, అంటే గౌరవించదగినవాడు అని పిలవడమే ఆ పేరులోని ఉద్దేశం.

అందని సర్కారు బడి

ఇక్కడ అసలు సంగతికి వద్దాం. నిజాం రాజ్యంలో సర్కారు బడులున్నయి, దవాఖానలున్నయి, పట్నంలో నల్లాలు కూడా వచ్చినయి. కాగితం మీద అవి అందరివీ. కానీ బడి ఉన్నది వేరే వాడల. అందులో చదువు ఉర్దూలో. మన పిల్లవాడు పోతే పక్కన కూసోనిచ్చేవాడు లేడు. బాయి కాడ చేద ముట్టనియ్యరు. సర్కారు ఒక్క ఆర్డరు కూడా మనకు వ్యతిరేకంగా రాయకుండనే, సర్కారు సేవ ఒక్కటి కూడా మనకు అందకుండ పోయింది. వివక్షకు ప్రతిసారి చట్టం అక్కరలేదు. బడి ఎక్కడ కట్టాలె, బాయి ఎక్కడ తవ్వాలె అని తేల్చే కాడ మన మనిషి లేకుంటే చాలు.

భాగ్యరెడ్డి వర్మ ఈ సంగతిని పట్టుకున్నారు. అర్జీలు పెట్టుకుంట కూసోలేదు. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లి వాడల్లో తానే బడులు మొదలుపెట్టారు. మన వాడలోనే బడి, మన తెలుగులోనే చదువు. తరువాత ఒక్కో వాడకు విస్తరించారు. 1930ల తొలినాళ్లకు అవి 26 బడులయినయి, రెండున్నర వేల మంది దాకా పిల్లలు చదువుకున్నరు. చందాలతో నడిచిన బడులు అవి. వామన్ నాయక్, కేశవరావు కొరాట్కర్ వంటి సంస్కర్తలు తోడ్పడ్డరు. పంతుళ్ల జీతాలకు, పలకలకు పైసా పైసా కూడబెట్టాల్సి వచ్చేది.

దీని మీద ఒక ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వేరే బడి పెట్టుకుంటే, వేరుగా ఉంచాలనుకునేవాడికి మనమే సాయం చేసినట్టు కాదా అని. అదే కాలంలో అమెరికాలో నల్లజాతి పిల్లలను చట్టం పెట్టి వేరే బడుల్లో ఉంచారు. ఆ వేరు బడులు రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసరికి 1954 వచ్చింది. మన దగ్గర తేడా ఏమంటే, ఈ బడులను కట్టింది వెలివేసినవాడు కాదు, వెలికి గురైనవాడు. భాగ్యరెడ్డి వర్మ ఆ బడులను మనకు చివరి మజిలీ అనుకోలేదు. రెండున్నర వేల మంది పిల్లలను చూపించి, వీళ్లు చదవరని ఎవరన్నారు, వీళ్లకు చదువు చెప్పడం సర్కారు బాధ్యత కాదా అని అడగడానికి ఆయనకు సాక్ష్యం దొరికింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం ఆ బడులను తన విద్యాశాఖ కిందికి తీసుకుంది. ముందు తాను చేసి చూపెట్టి, ఆ పనిని సర్కారు నెత్తిన పెట్టడం – ఇదే ఆయన జీవితంలో మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

బెజవాడ, 1917

హైదరాబాదు నుంచి బెజవాడకు పోయే రైలు మార్గం మన జనగామ, కాజీపేట, మానుకోటల మీదుగానే పోతది. ఆ రైలు చివర ఉన్న ఊరిలో, 1917 నవంబరు మొదటి వారంలో, ఆంధ్ర ప్రాంత పంచమ మహాజన సభ జరిగింది. దానికి చొరవ తీసుకున్నది గూడూరు రామచంద్రరావు. ఆహ్వాన సంఘానికి పెద్ద సుండ్రు వెంకయ్య. అధ్యక్షుడిగా పిలిచింది హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను. మన జనం వేలల్ల వస్తున్నరని తెలిసి కనకదుర్గ గుడి తలుపులు ఆ మూడు రోజులు మూసేసిన్రని చెప్పుకుంటరు.

అధ్యక్షుడు లేచి మొదట పట్టుకున్నది సభ పేరునే. పురాణాల్లో ఎక్కడా లేని అయిదో వర్ణం మనకెక్కడిది, మనం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలయింది ఆది ఆంధ్ర మహాజన సభగా ముగిసింది.

పేరు మార్చుకుని ఇండ్లకు పోలేదు. ఆ సభ చేసిన తీర్మానాలు చూస్తే ఇయ్యాల్టి మన వినతిపత్రాల లెక్కనే ఉంటయి. మాల మాదిగ వాడల్లో బడులు కావాలె, మంచినీళ్ల బాయిలు తవ్వించాలె, శాసనసభలో, జిల్లా బోర్డుల్లో, మున్సిపాలిటీల్లో మనవాళ్లను సభ్యులుగా తీసుకోవాలె. అంటే సేవ ఒక చేత్తో అడిగి, ఆ సేవను పంచే కుర్చీ ఇంకో చేత్తో అడిగారు. కుర్చీ లేకుంటే బాయి మన వాడకు రాదని వాళ్లకు తెలుసు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన రికార్డుల్లో పంచమ, పరయ అనే మాటలు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది.

వాడలో చేసిన పని

1920ల మొదట్లో ఆయన సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగుగా మారింది. హైకోర్టు జడ్జిగా చేసిన రాయ్ బాల్‌ముకుంద్ దానికి అధ్యక్షుడు, భాగ్యరెడ్డి వర్మ కార్యదర్శి. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం కట్టారు. అంటురోగాలు ప్రబలినప్పుడు ఆయన పెట్టిన స్వస్తిక్ వాలంటీర్లు రోగుల సేవకు దిగారు. మన వాడల గొడవలు పోలీసు ఠాణా దాకా పోయి ఇంటి పైసలు కరగకుండ, పెద్దమనుషుల పంచాయతీ కోర్టులు పెట్టి తీర్పులు చెప్పించారు.

దేవుడి పేరు మీద మన ఆడపిల్లలను జోగినులుగా, దేవదాసీలుగా వదిలే ఆచారం మీద ఆయన గట్టిగా కొట్లాడారు. పెండ్లిళ్లల్ల, పండుగలల్ల కల్లు సారా బంద్ చేయించడానికి ఊరూరు తిరిగారు. పంచశీలలో అయిదో శీలం మనం ఇయ్యాల విహారంలో చదువుతున్నం. ఆయన ఆ శీలాన్ని కల్లు దుకాణం ముందు నిలబడి చెప్పారు. తన జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తరు. మైకులు లేని కాలంలో అన్ని సభలంటే, ఆ గొంతు ఎంత అరిగిపోయి ఉంటదో ఆలోచించండి.

వెట్టి కథ

1931లో ఆయన భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రికలోనే వెట్టి మాదిగ అనే కథ రాశారు. తెలుగులో తొలి దళిత కథ అని సాహిత్యం తెలిసినవాళ్లు దాన్ని లెక్కిస్తరు. మన జనగామ ప్రాంతపోళ్లకు వెట్టి అంటే వేరే చెప్పక్కరలేదు. విసునూరు దేశ్‌ముఖు గడీ ముచ్చట, పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కొట్లాట, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం మన తాతలు చూసినవే. ఆ తుపాకీ మోతకు పదిహేనేండ్ల ముందే పట్నంలో కూసొని ఒక మాల మనిషి ఒక మాదిగ మనిషి వెట్టి బాధను కథగా రాసిండు. ఆ రెండు వాడల మధ్య గోడలు కట్టుకుంటున్న ఈ రోజుల్లో ఈ సంగతి యాదికి ఉంచుకోవాలె.

పేరు, లెక్క, పైసలు

ఇప్పుడు రెండో పాఠం. 1931 జనగణన వస్తున్నప్పుడు ఆయన పట్టుబట్టిన విషయం ఒకటే. మమ్మల్ని అంటరానివాళ్లని రాయొద్దు, ఆది హిందువులని రాయండి, వేరుగా లెక్కపెట్టండి. కోటీ నలభై నాలుగు లక్షల జనమున్న హైదరాబాదు రాజ్యంలో ఆ ఏడు ఆది హిందువుల లెక్క వేరుగా వచ్చింది.

ఇక్కడ హిందూ అనే మాట చూసి ఇబ్బంది పడొద్దు. ఆయన వాడుకలో హిందూ అంటే ఈ దేశపు మనిషి అని. మొదటినుంచి ఈ దేశంలో ఉన్నవాళ్లం అని చెప్పడానికే ఆది అనే మాట చేర్చారు. లెక్కలో మనం కనిపించకపోతే, బడ్జెట్టులో కూడా కనిపించమని ఆయనకు తెలుసు. తరువాతి కాలంలో బి.ఎస్. వెంకట్రావు, శ్యామ్ సుందర్ వంటి నాయకుల తరంలో, అణగారిన కులాల చదువుకు నిజాం ప్రభుత్వం కోటి రూపాయల నిధి కేటాయించింది. లెక్కలో ఉన్న జనానికి నిధి వచ్చింది. ఆ వరుసను గమనించండి.

ఆది అనే వాదంలో జాతి అనే ఆలోచన ఉంది. ఆర్యులు ఒక జాతి, మనం ఓడిపోయిన ఇంకో జాతి అని ఆ తరం నమ్మింది. బాబాసాహెబ్ దీన్ని ఇంకా లోతుగా పరిశీలించి, 1948లో అచ్చయిన తన అంటరానివాళ్ల మీది పుస్తకంలో వేరే మాట చెప్పారు. అంటరానితనానికి జాతి కారణం కాదు, మనం బౌద్ధులుగా ఉండి బ్రాహ్మణ మతానికి తలవంచకపోవడం కారణం అన్నది ఆయన సిద్ధాంతం. భాగ్యరెడ్డి వర్మ వాదాన్ని బాబాసాహెబ్ సరిదిద్దారు. అయినా ఇద్దరూ చేరింది ఒక్క చోటికే. వర్మ ఆదిని వెతుకుతూ బుద్ధుని దగ్గరికి వచ్చారు. బాబాసాహెబ్ చరిత్రను తవ్వుతూ బుద్ధుని దగ్గరికి వచ్చారు.

1930లో లక్నోలో జరిగిన అణగారిన కులాల సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించి, రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడే హక్కు అంబేద్కర్‌దేనని బలపరిచారు. తనకన్న మూడేండ్లు చిన్నవాడైన నాయకుని వెనుక నిలబడడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు.

చివరి ఏండ్లు

ఆయన జీవితంలో అన్నీ పూలబాటలే అనుకోవద్దు. లీగుకు అగ్రకులపాయన అధ్యక్షుడేంది అని తరువాతి తరం కుర్రాళ్లు అడిగారు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు వేరే సంఘాలు, వేరే దారులు పట్టారు. ఉద్యమం పెరిగినప్పుడు ప్రశ్నలూ పెరుగుతయి. ఆ ప్రశ్నలడిగిన తరానికి బడి అంటే ఏందో చూపెట్టినవాళ్లలో ఆయన ముందు వరుసవాడన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

1937లో ఆయన మళ్లీ బుద్ధ జయంతి జరిపించారు. రెండేండ్లకు, 1939 ఫిబ్రవరి 18న, యాభై ఏండ్లకే కన్నుమూశారు. ఆయన మొదలుపెట్టిన ఇసామియా బజారులో ఆయన పేరు మీద బాలికల పాఠశాల నిలిచింది. కొడుకు గౌతమ్ తండ్రి జీవితాన్ని పుస్తకంగా రాశారు.

మన జిల్లాల్లో, మన వంతు

బంధువులారా, ఆనందుడు దప్పికై బాయి కాడ మాతంగ పిల్ల ప్రకృతిని నీళ్లడిగిన కథ మనం వింటుంటం. భిక్షువు కులం అడగలేదు, నీళ్లడిగిండు. కరుణ అనేది కండ్లల్ల నీళ్లు పెట్టుకోవడం దగ్గర ఆగితే సరిపోదు. ఆ నీళ్లు ఎవరి వాడకు వస్తున్నయి, ఎవరి వాడకు రావట్లేదు అని చూడడం కూడా కరుణే.

ఊరికి పోయి జర చూడండి. అంగన్‌వాడీ ఏ వాడలో ఉంది? నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టిన్రు? బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఎవరు, మన మనిషి వండితే అందరి పిల్లలు తింటున్నరా? మనోళ్లు చనిపోతే బొందపెట్టడానికి జాగ ఉందా? భూపాలపల్లి బొగ్గుబాయిల పక్క ఊర్లల్ల, మానుకోట తండాల పక్క వాడల్ల, జనగామ పల్లెల్ల ఈ ప్రశ్నలకు జవాబు రాసి పెట్టుకుంటే, అదే మన మొదటి వినతిపత్రం.

ఇంకొక్క మాట. మన మూడు జిల్లాలు ఏర్పడ్డది 2016 అక్టోబరు 11న. 2011 జనగణన నాటికి ఇవి జిల్లాలు కావు. అంటే 2027 జనగణనే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు తొలి లెక్క. ఈసారి కులం కూడా అందరిదీ రాస్తమని కేంద్రం ప్రకటించింది. 2011 లెక్క ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం. ఆ శాతాన్ని బట్టే ఎస్సీల వాటా నిధులు కేటాయించాలని 2013 సబ్ ప్లాన్ చట్టం చెప్పింది. 2017లో తెలంగాణ తెచ్చిన ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టానికీ అదే పునాది. లెక్క తగ్గితే నిధి తగ్గుతది.

చాలామంది మనోళ్లు భయపడేది ఒకటుంది. మతం కాడ బౌద్ధం అని రాయిస్తే రిజర్వేషన్ పోతదేమోనని. పోదు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వును 1990లో సవరించి, బౌద్ధులైన మనవాళ్లకు కూడా ఎస్సీ హోదా ఇచ్చారు. కాబట్టి మతం బౌద్ధం, కులం మాల అయితే మాల, మాదిగ అయితే మాదిగ అని రెండూ రాయించుకోవచ్చు. లెక్క రాసేటాయన అడగకుండనే హిందూ అని రాసేసుకుంటే, మర్యాదగనే ఆపి, అయ్యా మేం చెప్పింది రాయండి అనాలె. చదువొచ్చిన పిల్లలు ముందే వాడ వాడ తిరిగి ముసలోళ్లకు ఈ సంగతి చెప్పాలె. విహారంలో ఒక ఆదివారం దీనికోసమే కూసుంటే చాలు.

1931లో భాగ్యరెడ్డి వర్మకు చట్టం లేదు, రిజర్వేషన్ లేదు, రాజ్యాంగం లేదు. అయినా తన పేరు తానే రాయించుకున్నరు. మనకు అవన్నీ ఉన్నయి. లెక్క రాసేటాయన వాకిట్లకు వచ్చిన రోజు మన నోట్లోంచి ఏ మాట వస్తదన్నదే ఇప్పుడు మిగిలింది.

జై భీమ్! నమో బుద్ధాయ!